కళ్ళు మూయని కేతూరమ్మ

మన తాతల తాతలకు ఇంకా మూతి మీద మీసం మొలవని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక పాలెం ఉండేది. పాలేనికి ఒక తాటాకు గుడి, గుడికి ఒక ఉపదేశి, ఉపదేశికి ఒక ప్రార్థన. ఆ ప్రార్థన ఏటికన్నా పొడుగు.

ఉపదేశి పేరు సత్యానందం. మంచివాడే. కాకపోతే నోరు తెరిస్తే ఆదాము దగ్గర మొదలుపెట్టేవాడు. నోవహుతో ఓడెక్కి, మోషేతో సముద్రం దాటి, ఆమెన్ చేరేసరికి పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయేది. అందాకా పాలెమంతా కళ్ళు మూసుకుని ఉండాలి. అది అక్కడి కట్టుబాటు.

ఆ పాలెంలోనే కేతూరమ్మ అనే నాట్ల కూలి ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. అక్షరం రాదు, బైబిలు వాక్యం ఒక్కటీ కంఠతా రాదు. ప్రార్థన చెయ్యమంటే "తండ్రీ" అని, ఆ తర్వాత మాట తోచక చెంగు నమిలేది. ఆమెకున్న ఆశ ఒక్కటే, నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందే రొట్టెముక్క. ఆ పూట ఉతికిన చీర కట్టుకుని అందరికన్నా ముందొచ్చి కూర్చునేది.

ఒకసారి ఎవరిదో గేదె ఊబిలో దిగబడింది. ఉపదేశి గట్టున నిలబడి ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరూ కళ్ళు మూశారు. ఆమెన్ అని తెరిచి చూస్తే గేదె గట్టెక్కి గడ్డి మేస్తోంది. కేతూరమ్మకు నడుం దాకా బురద.

"ప్రార్థనలో కళ్ళు తెరిచావా?"

"కళ్ళు మూసుకుంటే తోక దొరకదు గదయ్యగారూ."

ఇంకోసారి ముసలి తీతు తాతకు చలిజ్వరం వచ్చింది. మంచం చుట్టూ ప్రార్థన. ఆమెన్ అనేసరికి తాత వేడి గంజి తాగి మూతి తుడుచుకుంటున్నాడు.

"మళ్ళీ తెరిచావా?"

"కళ్ళు మూసుకుంటే గంజి ముక్కులో పోస్తాను గదయ్యగారూ."

జనం కిసుక్కుమన్నారు. ఉపదేశికి తల కొట్టేసినట్టయింది. "మూడోసారి తెరిస్తే నీకు ప్రభువు బల్ల లేదు" అన్నాడు.  అప్పటినుంచి ప్రార్థన అంటే చాలు, కేతూరమ్మ రెండు చేతులతో కళ్ళు నొక్కుకునేది.

ఆ ఏడు ఏరు పొంగింది. అవతలి లంక మునిగి, నలభై మంది తడిబట్టలతో పాలెం చేరారు. ఏ దేవుడి మనుషులో ఎవరూ అడగలేదు. మూడు రోజులుగా వాళ్ళ కడుపున మెతుకు లేదు. పాలెంవాళ్ళు తలా ఇంత తెచ్చి గుడిలో అన్నం, పప్పుచారు వండారు. ఆకులు పరిచారు. ఉపదేశి లేచి వాళ్ళ ఆకలి గురించి ప్రార్థన ఎత్తుకున్నాడు. నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుని ఎత్తుకున్నాడు.

ఆదాము కథ అయింది. నోవహు ఓడ మొదలైంది. వచ్చింది వరద గదా, ఈసారి ఓడను పలక పలకా వివరంగా కట్టాడు. ఒక చంటిది ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఊరుకుంది. ఆ ఏడుపు ఆగిపోవడం కేతూరమ్మ భరించలేకపోయింది. "తండ్రీ, నా రొట్టెముక్క పోతే పోయింది" అనుకుంది. కళ్ళు తెరిచింది. గరిటె అందుకుంది.

ఉపదేశి ఆమెన్ అన్నాడు. జవాబుగా ఒక త్రేన్పు వినిపించింది. నలభై ఆకులూ ఖాళీ.

"కేతూరమ్మా!"

"కళ్ళు మూసుకుంటే వడ్డన ఎట్టా కుదురుద్దయ్యగారూ?" అంటూనే ఆమె ఏడ్చేసింది.

ఆదివారం ఆమె గుడి లోపలికి పోలేదు. ఉతికిన చీర కట్టుకుని గడప బయట కూర్చుంది. లంకవాళ్ళు నలభై మందీ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నారు.

"లోపలికి రండి, దేవుడి మాటలు వినండి" అన్నాడు ఉపదేశి.

"మొన్న విన్నాం సామీ" అంది చంటిదాని తల్లి. "నోట్లో ముద్ద ఉండి అంతగా ఎక్కలేదు. మాకు మటుకు ఈయమ్మ చేతి అన్నంలోనే దేవుడు కనపడ్డాడు. ఈమె బయట కూకుంటే ఆయన లోపలెందుకుంటాడు?"

  ఉపదేశి రొట్టె పళ్ళెం తీసుకుని గడప దాటాడు. కేతూరమ్మ ముందు గొంతుక్కూర్చుని ప్రార్థనకు నోరు తెరిచాడు. పాలెమంతా ఆదాము కోసం సర్దుకు కూర్చుంది. "తండ్రీ" అన్నాడు. ఆ తర్వాత మాట తోచలేదు, ఆయన పుట్టాక అదే మొదటిసారి. కళ్ళు మూయకుండానే ఆమె చేతిలో రొట్టె పెట్టాడు.

కేతూరమ్మ పోయి ఎన్నో తరాలైంది. ఆమె సమాధి కూడా ఏట్లో కలిసిపోయింది. కానీ ఆ పాలెంలో ఇప్పటికీ విందు ప్రార్థనకు అందరూ కళ్ళు మూస్తే, ఒక్కరు మాత్రం గరిటె పట్టుకుని కళ్ళు తెరిచి నిలబడతారు. దాన్ని కేతూరమ్మ వంతు అంటారు. ఆ వంతు కోసం ఆడా మగా పోటీ పడతారు. కొత్తగా వచ్చిన ఉపదేశి ఎవరైనా కోప్పడితే, "మీరు కానివ్వండయ్యగారూ" అంటూ ముందు ఆయన ఆకులోనే వడ్డిస్తారు. వేడి పప్పుచారు వాసన తగిలాక, ఎంతటి ఉపదేశికైనా ఆమెన్ తొందరగానే వస్తుంది.