గుమ్మం వంతు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో చలి నాలుగు రోజులుండి వెళ్లిపోయే చుట్టం కాదు. వచ్చిందంటే కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆ కొండ మీద, రెండు బండల మధ్య ఉన్న బొరియలో, ఒక ముళ్లపంది తన భార్యతో కాపురం ఉండేవాడు. అతని పేరు దబ్బనయ్య. ఆమె పేరు పుల్లమ్మ.

ముళ్లపందులకి మన పగలే రాత్రి. పొద్దు గూకితే లేస్తాయి, తెల్లవారితే పడుకుంటాయి. మీరు బడికి బయల్దేరే వేళకి వాళ్లది తొలి నిద్ర. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ చెప్పను.

ఆ బొరియకి తలుపు లేదు. తలుపుకి బదులు వాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఇద్దరిలో ఒకరు లోపల ఆకుల పరుపు మీద పడుకోవాలి. రెండోవారు గుమ్మంలో అడ్డంగా, వీపు బయటికి పెట్టి, ముళ్లు నిక్కించి పడుకోవాలి. గాలి ఆ ముళ్ల దగ్గరే ఆగిపోయేది. లోపలివాళ్లకి వెచ్చగా నిద్ర పట్టేది. దాన్ని వాళ్లు 'గుమ్మం వంతు' అనేవారు. ముళ్లపందుల పెళ్లిలో పెద్దల ముందు చెప్పుకునే మాట కూడా ఒక్కటే: "ఇవాళ నేను, రేపు నువ్వు."

మంచి కాపురమే. కాదని నేనెందుకంటాను? ఇద్దరూ కలిసి దుంపలు తవ్వుకునేవారు. తిన్నాక, మనం ఆకూ వక్కా వేసుకున్నట్టు, రాలిపోయిన జింక కొమ్మొకటి మధ్యలో పెట్టుకుని చెరో వైపు నుంచీ కొరుక్కుంటూ కబుర్లు చెప్పుకునేవారు.

"నీ పళ్లు మధ్యకి వచ్చేస్తున్నాయి, ఆగు," అనేది పుల్లమ్మ.

"నువ్వు మాటలు తగ్గించి కొరికితే నువ్వూ వచ్చేదానివి," అనేవాడు దబ్బనయ్య.

ఆ ఏడు చలి కార్తీకంలో వచ్చింది. వచ్చిన వారానికి దబ్బనయ్య కాల్లో ముల్లు దిగింది. నవ్వండి, పుల్లమ్మ కూడా నవ్వింది.

"ఒంటినిండా అన్ని మోసుకు తిరుగుతావు. ఇంకొకటి పట్టలేదా నీకు?" అంది, పళ్లతో ముల్లు లాగుతూ.

"నవ్వకే. గుమ్మంలో పడుకుంటే చలికి కాలు లాగేస్తుంది. ఇవాళ నా వంతు నువ్వు పడుకో. రేపు నేను."

"సరే," అంది పుల్లమ్మ.

నిజంగానే నొప్పి. నిజంగానే సాయం. అందులో తప్పేం లేదు. కానీ ఆ రోజు లోపల పడుకున్న దబ్బనయ్యకి ఒక సంగతి తెలిసొచ్చింది. వరసగా రెండు రోజులు వెచ్చగా పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో తెలిసింది.

కాలు నొప్పి తగ్గింది. ఆ రోజు అతను దుంపల కోసం వాగు అవతలిదాకా వెళ్లొచ్చాడు. "అలిసిపోయానే. రేపు నేను," అన్నాడు. పుల్లమ్మ కూడా అదే వాగు దాటి అవే దుంపలు మోసుకొచ్చింది. ఆ మాట ఆమె అనలేదు, అతనికి తోచలేదు.

మూడోసారి కారణం కూడా లేదు. లోపలికి వెళ్లి పరుపు మీద ముడుచుకుని, "రేపు," అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. తెల్లవారగానే అతను లోపలికి నడిచేవాడు, ఆమె గుమ్మానికి నడిచేది. "దానికి అలవాటైపోయింది," అనుకున్నాడు దబ్బనయ్య. ఎదుటివాళ్ల కష్టానికి పెట్టుకోవడానికి అలవాటంత సుఖమైన పేరు ఇంకోటి లేదు.

పక్క బండ కింద చీమలు తిని బతికే అలుగు అవ్వ ఉండేది. ఒంటి మీద పెచ్చులు ఎంత గరుకో నోరు కూడా అంత గరుకు. పొద్దెక్కాక ఎండలో కూర్చుని పుల్లమ్మ వీపు చూసేది. తెల్లవారుజామున పడ్డ మంచు ఆ ముళ్ల మీద గడ్డకట్టి తెల్లగా ఉండేది. పుల్లమ్మ ఒంటి వేడికి కాసేపట్లో కరిగి బొట్లు బొట్లుగా కారేది. మొదట్లో తొందరగా కారేది. పుష్యం వచ్చేసరికి మధ్యాహ్నం దాకా పట్టేది.

ఒక సాయంత్రం దబ్బనయ్య ఎదురైతే అవ్వ అడిగింది. "ఏరా అబ్బాయ్, మీ ఇంట్లో వంతులు ఎత్తేశారా?"

"లేదు అవ్వా. రేపు నాదే."

"నీ రేపు ఏ నెలలో వస్తుందో చెప్పు. నేనూ చూసి పోతాను."

దబ్బనయ్య నవ్వేసి వెళ్లిపోయాడు. ఇంట్లో కొత్తగా తెచ్చుకున్న కొమ్ము కొరుకుతుంటే అతని వైపు సగం తరిగిపోయింది. పుల్లమ్మ వైపు తరగలేదు.

"కొరకవేం?" అన్నాడు.

"చలికి పళ్లు జిల్లుమంటున్నాయి. ఇప్పపూలు రాలనీ. కడుపునిండా తిని ఇద్దరం లోపలే పడుకుందాం. అప్పుడు గుమ్మానికి ఎవరూ అక్కర్లేదు."

"ఇంకెన్నాళ్లులే," అన్నాడు దబ్బనయ్య, కొమ్ము తనవైపు లాక్కుంటూ.

మాఘం అయిపోయింది. చలి పోలేదు. ఇప్పచెట్లు మొగ్గలు బిగించుకుని నిలబడ్డాయి. ఒక తెల్లవారుజామున పుల్లమ్మ పరుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చలికాలమంతా ఆమె ఎప్పుడూ అలా వచ్చి నిలబడలేదు.

"ఏమయ్యా, ఇవాళ నువ్వు పడుకో గుమ్మంలో," అంది. "వీపు బిగుసుకుపోయింది. ముళ్లు నిక్కితే మళ్లీ వాలడం లేదు. ఒక్క రోజు. రేపట్నుంచి మళ్లీ నేనే పడుకుంటాను."

దబ్బనయ్య ఆమె వైపు చూశాడు. బయట గాలి వినబడింది. కింద పరుపు అప్పుడే వెచ్చబడుతోంది. లేవాలంటే లేవొచ్చు. కాళ్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు దూరం వెళ్లింది కూడా లేదు.

"రేపు," అన్నాడు. "ఒట్టు. రేపు కచ్చితంగా నేనే."

పుల్లమ్మ వెనక్కి తిరిగింది. వెళ్లి గుమ్మంలో పడుకుంది. వీపు బయటికి, ముఖం అతని వైపు.

పొద్దు వాలుతుండగా దబ్బనయ్యకి మెలకువ వచ్చింది. హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. బొరియలో కాస్తయినా గాలి లేదు.

"చలి తగ్గినట్టుంది, పుల్లీ," అన్నాడు. "ఇవాళ మంచి నిద్ర పట్టింది."

పుల్లమ్మ పలకలేదు. పడుకోనీలే అనుకుని కొమ్ము అందుకున్నాడు. కాసేపు కొరికాడు. ఆకలేసింది.

"జరుగు, బయటికెళ్లాలి."

ఆమె జరగలేదు. కళ్లు మూసుకుని ఉంది.

అప్పుడు బయట నుంచి అలుగు అవ్వ గొంతు వినబడింది. ఈసారి ఆ గొంతులో గరుకు లేదు. "ఒరేయ్ దబ్బనయ్యా. లోపలున్నావా? పొద్దు కుంకుతోందిరా. పుల్లమ్మ వీపు మీద మంచు ఇంకా కరగలేదు."

దబ్బనయ్య మూతితో ఆమె ముఖాన్ని తాకాడు. రాయిని తాకినట్టుంది. బయట గాలి ఈల వేస్తోంది. ఒక్క పాయ కూడా లోపలికి రాలేదు. ముళ్లు అలాగే నిక్కి ఉన్నాయి. ప్రాణం పోయాక కూడా ఆమె అతని వంతు కాస్తూనే ఉంది. ఇందాక అతను ఆ వెచ్చదనంలోనే ఒళ్లు విరుచుకున్నాడు.

"పుల్లీ, లే," అన్నాడు. "ఇవాళ నేను పడుకుంటాను. లోపలికి రా. పరుపు వెచ్చగా ఉంది, చూడు."

ఆ మాటే పొద్దున అని ఉంటే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు.

అలుగు అవ్వే గోళ్లతో పక్కన మట్టి తవ్వి దారి చేసింది. ఇద్దరూ కలిసి పుల్లమ్మని ఇప్పచెట్టు కింద పూడ్చారు. తెల్లవారింది. అవ్వ తన బండ కిందికి పోబోతూ వెనక్కి తిరిగి చూసింది. దబ్బనయ్య బొరియ గుమ్మంలో అడ్డంగా పడుకుని ఉన్నాడు. వీపు బయటికి పెట్టాడు. ముళ్లు నిక్కించాడు. లోపల ఆకుల పరుపు ఖాళీగా ఉంది. దాని పక్కన కొమ్ము ఉంది, ఒక వైపు కొరికింది, ఒక వైపు కొరకంది.

"లోపల ఎవరున్నార్రా, ఎవరికి కాపు?" అంది అవ్వ. తిట్టాలనే అడిగింది.

"ఇవాళ నా వంతు అవ్వా," అన్నాడు దబ్బనయ్య.

మర్నాడూ అదే అన్నాడు. ఆ మర్నాడూ అదే. నెల తిరిగాక చలి పోయింది. ఇప్పపూలు రాలాయి. అడవిలో అందరూ కడుపునిండా తిని, ఎవరి ఇళ్లలో వాళ్లు లోపలే పడుకున్నారు. దబ్బనయ్య నోటినిండా పూలు తెచ్చి ఖాళీ పరుపు మీద పోశాడు. తర్వాత వెళ్లి గుమ్మంలోనే పడుకున్నాడు.

నీతి: పక్కవాళ్ల వీపు మంచుకి తడుస్తుంటే 'రేపు' అనకండి. ఆ రేపు మీకు రావచ్చు, వాళ్లకి వస్తుందని మీకెవరూ మాటివ్వలేదు.