గోమార్లు ఎవరివి?

ఒరేయ్ పిల్లలూ, రక్తం తాగే గోమారు పురుగుకి తానెక్కింది రాజుగారి కుక్కో, వీధి కుక్కో తెలుస్తుందంటారా? తొందరపడకండి, కథ విని చెప్పండి.

పిప్పళ్ళకోట రాజుగారి కుక్క మణిమాలకి ఒళ్ళంతా గోమార్లే. ఆస్థాన వైద్యుడు భస్మాచార్యులు వారం వారం ముత్యాలు నూరి పట్టించాడు. గోమార్లు బలిశాయి, ఆచార్యులవారూ బలిశారు. రాజుగారికి కోపం వచ్చేసరికి, ఆచార్యులు తప్పు తీసుకెళ్ళి గానుగ నూనె తీసే నూకాలు మీద తోసేశాడు.

"ప్రభూ, ఇవన్నీ దీని కుక్క బొగ్గుగాడి నుంచే ఎక్కాయి. వాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలి!"

నూకాలుకున్న తోడల్లా ఆ బొగ్గుగాడే. కొంగు బిగించి నిండు సభలోనే అడిగింది.

"అయితే ఆచారిగారూ, ఈ గోమార్లు మావాడివేనంటారు?"

"ముమ్మాటికీ!"

"మావాడి గోమార్లు చారెడు కానుగ నూనెకే చస్తాయి బాబూ. పక్కగుడ్డ ఉడకబెట్టి ఎండేస్తే మళ్ళీ రావు. మరి ముత్యాలెందుకు?"

ఆచార్యులు మీసం దువ్వాడు. "ఇవి రాచ గోమార్లే! నీ ముతక నూనెకి లొంగుతాయా?"

"రాచవైతే మావాడివి కావుగా! వాణ్ణెందుకు వెళ్ళగొట్టడం?"

సభంతా గొల్లుమంది. రాజుగారు నవ్వలేక సింహాసనం పట్టుకున్నారు. ఆ పూటే మణిమాలకి కానుగ నూనె పట్టించారు. దాని పట్టుపరుపు ఉడకబెట్టి ఉతికింది మాత్రం ఆచార్యులవారే! పదిరోజులకల్లా మణిమాల, బొగ్గుగాడు కలిసి గానుగ ముందు దుమ్ములో పొర్లుతున్నాయి.

ఇక నా కొంగు వదలండర్రా. మన కుక్క సింగిగాడికి గోమార్లు ఏరుతూ ఒక చెవే చూశాను, రెండోది అలాగే ఉండిపోయింది.