గవర్రాజు గారి మార్కులు

"మతిమరుపు జబ్బుకి వేసే మాత్ర ఉంచాలా, మానాలా అని ఇంటివాళ్ళు అడిగితే, దేన్ని చూసి చెప్పాలి మేడమ్?"

అడిగినవాడు ఇమ్మానుయేలు, డాక్టరు పేరిందేవమ్మ గారి దగ్గర కొత్తగా పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరు. ఆవిడేమో ఏ ప్రశ్నకీ నేరుగా జవాబు చెప్పి ఎరగరు. పాతికేళ్ళు ఆ గది గుమ్మం దగ్గర చీటీలు రాసినదాన్ని, నాకు తెలియదా? "బయట ఎవరున్నారో పిలువు" అన్నారు.

బయట ఉన్నది గవర్రాజు గారు, ఆయన భార్య వీరలక్ష్మమ్మ, కూతురు నూకరత్నం. సామర్లకోట చుట్టుపక్కల ఆయన వండని పెళ్ళి లేదు. గుండిగలో పులుసు కాస్త అరచేతిలో వేసుకుని, నాలుక్కి తాకించి "ఇంకో పిడికెడు" అన్నారంటే మళ్ళీ ఎవరూ ఉప్పు చూసేవారు కాదు. అలాంటి మనిషికి మూడేళ్ళుగా మతిమరుపు. ఎనిమిది నెలలుగా మాత్ర వేస్తున్నారు. ముద్ద మింగక చిక్కి సగమయ్యారు. మాత్ర ఆపమని భార్య గోల. బడిలో పంతులమ్మగా చేస్తున్న కూతురు ససేమిరా అంటుంది.

"ఆపకూడదు మేడమ్," అని ఇమ్మానుయేలు కాగితం చూపించాడు. "జ్ఞాపకశక్తి పరీక్షలో పోయినసారి ముప్పైకి పదహారు. ఇవాళ ఇరవై రెండు."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, "పొద్దున్న ఏం తిన్నారండీ?" అని ఆయన్నే అడిగారు.

గవర్రాజు గారు చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నారు. "బుధవారం."

"అది కాదండీ. టిఫినేం చేశారు?"

"ఆగస్టు నెల. సామర్లకోట. రెండో అంతస్తు."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నా నవ్వు మీద నాకే అసహ్యం వేసింది. నూకరత్నం తల దించుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు పిల్లలకి బట్టీ పట్టించినట్టు, పరీక్ష ఉన్నప్పుడల్లా తండ్రికి అందులో అడిగే జవాబులు వల్లె వేయిస్తోందట. ఇవాళ ఆటోలో కూడా అదే పని. "మార్కులు తగ్గితే మాత్ర ఆపేస్తారు. ఆపేస్తే నాన్నని వదిలేసుకున్నట్టే కదండీ" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ మాత్ర వల్ల ఏం జరగాలని నీకు?"

"నన్ను పేరు పెట్టి పిలవాలి."

"పిలుస్తున్నారా?"

"లేదండి. అది మాత్రం నేను నేర్పలేదు. ఆయనంతట ఆయనే అంటారని చూస్తున్నాను."

వీరలక్ష్మమ్మకి మనిషి కడుపు నిండా తింటే చాలు. ఇక గవర్రాజు గారికేం కావాలో తెలియాలి. డాక్టరమ్మ తన క్యారేజీ విప్పి, కాస్త పప్పుచారు ఆయన అరచేతిలో పోశారు. ఆ చెయ్యి అలవాటుగా నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"వాసనకే కడుపులో తిప్పుతోందమ్మా," అన్నారాయన. "ఇలాంటోణ్ణి పెళ్ళికెవరు పిలుస్తారు?"

ఈ మాత్ర కొందరికి ఆకలి చంపేస్తుందనీ, కొద్దికొద్దిగా తగ్గించి ఆపి చూడొచ్చనీ, మనిషి పరిస్థితి బాగా దిగజారితే మళ్ళీ ఆలోచిద్దామనీ డాక్టరమ్మ చెప్పారు. "ఆపినా ప్రతి నెలా మీరు నా దగ్గరికి రావాల్సిందే. ఏం చేద్దామో ఇక మీరు చెప్పండి."

నూకరత్నం తండ్రి అరచెయ్యి తన కొంగుతో తుడిచింది. "తగ్గించండి" అంది.

రెండు నెలల తర్వాత గవర్రాజు గారు మూడు కిలోలు పెరిగి వచ్చారు. మార్కులు పద్నాలుగు. పేరు పెట్టి పిలిచారా అని నేనే ఉండబట్టలేక అడిగాను.

"లేదండి," అంది నూకరత్నం, మొహం చాటంత చేసుకుని. "నిన్న నా పులుసు నోట్లో పెట్టుకుని, ఈ పిల్లకి వంట నేర్పిందెవరని తిట్టారు."

వాళ్ళు వెళ్ళాక ఇమ్మానుయేలు పెన్ను తీశాడు. "అయితే తిండి తగ్గితే మాత్ర ఆపాలన్నమాట."

"మొన్న దర్జీ సుభానీ గారికి ఇదే మాత్ర మొదలుపెట్టావు కదా. ఆయన ఏం కావాలన్నారు?"

ఇమ్మానుయేలు సుభానీ గారి కాగితం వెతికి తీశాడు. ముప్పైకి పంతొమ్మిది అని ఉంది. తిరగేస్తే వెనక ఖాళీ.

"ఫోన్ చేసి కనుక్కో" అన్నారు డాక్టరమ్మ.