పోతయ్య నడుముకున్న సంచి

ఎవరి పనినైనా దూరం నుంచి ఒకసారి చూసి "ఓస్, ఇంతేనా" అని తేల్చేసే త్రిమూర్తులు అనే కొబ్బరి రైతు, కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో ఉండేవాడు.

ఆయన తోటలో అరవై చెట్లుండేవి. వాటిలో వీధి గుమ్మం పక్కనున్న చెట్టు మాత్రం ఆయన భార్య మంగతాయారుది. కాపురానికి వచ్చిన ఏడాది తన చేత్తో నాటుకుంది. మొదటి గెల దిగినప్పుడు వీధి వీధంతా కాయలు పంచిపెట్టింది. ఆ చెట్టంటే ఆమెకు ప్రాణం.

రెండు నెలలకోసారి పోతయ్య అనే అతను వచ్చి చెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. ముప్పై ఏళ్ళుగా అతనిదే ఆ పని. అయితే కాయలు కోసేశాక కూడా వెంటనే దిగేవాడు కాదు. మట్టల మధ్య కూర్చుని ఏదో కెలుకుతూ ఉండేవాడు. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతూ ఉండేది. అందులో చుట్టలుంటాయని త్రిమూర్తులుకి గట్టి నమ్మకం.

"ఏం పోతయ్యా, పైనే కాపురం పెట్టేశావా?" అని కింద నుంచి ఎగతాళి చేసేవాడు.

"ఆయ్, వచ్చేత్తన్నానండి," అనేవాడు పోతయ్య. మాటల మనిషి కాదు పాపం.

ఒక వేసవిలో అమలాపురం నుంచి ఇంద్రజ అనే ఇంజనీరు అమ్మాయి చెట్లెక్కే రోబోను తీసుకొచ్చింది. అది మానును కరుచుకుని చకచకా పైకి పాకేది. కెమెరాతో గెలను చూసుకుని, కత్తి ఉన్న చేత్తో కోసేది. ఇక మనుషులు పడి నడుములు విరగ్గొట్టుకోనక్కర్లేదు. మంచి యంత్రమే, కాదని ఎవరంటారు? ఇంద్రజా బుద్ధిమంతురాలే. పని మొదలుపెట్టే ముందు ఒక్కటి అడిగింది.

"బాబాయ్ గారూ, ఇది నేర్పిన పనే చేస్తుంది. మీకు దింపు తీసే ఆయన్ని ఒక్కపూట పిలిపించండి. పైన ఏమేం చేస్తారో కనుక్కుని, అన్నీ దీనికి నేర్పుతాను."

పోతయ్య ఇల్లు రెండు వీధుల అవతలే. కబురు పెడితే పావుగంటలో వచ్చేవాడు.

"అతన్ని అడిగేదేముందమ్మా? గెల కోస్తాడు, కింద పడేస్తాడు, తీరిగ్గా ఒక చుట్ట కాల్చుకుని దిగుతాడు. నీ రోబోకి ఆ చుట్ట ఒక్కటీ నేర్పకు, చాలు," అని త్రిమూర్తులు నవ్వాడు.

అరుగు మీద నుంచి మంగతాయారు, "ఒక్కమాట అడిగితే మన సొమ్మేం పోతుందండీ?" అంది. ఆయన వినిపించుకోలేదు.

రోబో అరవై చెట్లూ ఒక్క రోజులో దింపేసింది. ఊరంతా వచ్చి చూసి, తామూ పెట్టించుకున్నారు. ఇక రానక్కర్లేదని పోతయ్యతో చెప్పడానికి కూడా త్రిమూర్తులు వెళ్ళలేదు, పాలేరుతో కబురు పంపాడు. పోతయ్య ఒక రొయ్యల చెరువుకు కాపలా కుదురుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి కొత్త మట్టల ఆకులు కత్తెరతో కోసినట్టు కనిపించాయి. గాలికి చిరిగి ఉంటాయిలే అన్నాడు త్రిమూర్తులు. ఆ తర్వాత మంగతాయారు చెట్టు తలలోని లేత మొవ్వు వాలిపోయింది. అప్పుడు ఆయనకు భయం పుట్టింది. తానే రొయ్యల చెరువు దాకా వెళ్ళి పోతయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

పోతయ్య మానుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"లోపల పురుగు నవుల్తోందండి. మొవ్వంతా తినేసింది. ఇక దక్కదండి."

"నువ్వెక్కినన్నాళ్ళూ ఒక్క చెట్టుకీ ఈ పురుగు రాలేదే?"

"ఎందుకు రాదండి, వచ్చేదండి. ఎక్కినప్పుడల్లా మట్టల సందుల్లోంచి చువ్వతో లాగేసి, మళ్ళీ దూరకుండా ఇసకా వేపపిండీ కలిపి పోసేవోణ్ణండి."

త్రిమూర్తులు అతని నడుము వైపు చూశాడు. "అయితే ఆ సంచిలో..."

"ఇసకేనండి. నాకు చుట్ట అలవాటు లేదండి."

"మరి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పడానికేవుందండి? చెట్టెక్కినోడు చేసే పనే కదండీ. తవరెప్పుడూ అడగలేదండి."

పదిహేడు చెట్లు పోయాయి. గుమ్మం పక్క చెట్టును కొట్టిన రోజు మంగతాయారు గొడ్డలి చప్పుడు ఆగేదాకా వంటింట్లోంచి బయటికి రాలేదు. మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

సంగతి తెలిసి ఇంద్రజ పరుగున వచ్చింది. "ఆ రోజే తెలిసుంటే దీని నడుముకీ ఒక సంచి కట్టేదాన్ని కదా బాబాయ్ గారూ," అంది. ఆమె పోతయ్యను కూర్చోబెట్టి, వారం రోజులపాటు ఒక్కొక్కటే అడిగి, రోబోకు నేర్పింది. తర్వాత అతన్ని తన దగ్గరే పనిలో పెట్టుకుంది. ఇప్పుడు ఆ రోబో కాయలు కోశాక వెంటనే దిగదు. మట్టల సందులన్నీ వెతికి, పురుగును లాగేసి, ఇసక పోసి మరీ దిగుతుంది. మిగిలిన నలభై మూడు చెట్లూ అలా దక్కాయి.

ఒకరోజు త్రిమూర్తులు ఒక కొబ్బరి మొక్క తెచ్చి, "ఇక్కడే మళ్ళీ నాటుదామా?" అని భార్యను అడిగాడు.

"నాటండి. కాపుకొచ్చాక ఎవరో ఒకరు తింటారు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఒక్కడే గొయ్యి తవ్వి, మొక్క నాటి, నీళ్ళు పోశాడు.

నీతి: ఒక మనిషి చేసే పనిని యంత్రానికి అప్పగించే ముందు, ఆ పనిలో ఏమేం ఉన్నాయో చేసే మనిషినే అడిగి తెలుసుకోవాలి; తెలియనిది తెలుసనుకుని చెప్పినవాడికి చివరికి పశ్చాత్తాపమే మిగులుతుంది.