జాగ్రత్తగా వేసిన కన్నం

చినగుమ్మలూరులో కనకలింగం, భీమలింగం అనే అన్నదమ్ములకు తెలివి వంశపారంపర్యంగా వచ్చిందని ప్రతీతి. ఆ ప్రతీతిని ఊళ్ళో ప్రచారం చేసినవాళ్ళు కూడా ఆ అన్నదమ్ములే. వాళ్ళ ముత్తాత ఒక రాజుగారికి సలహా చెప్పి కోట నిలబెట్టించాడట. ఏ రాజు, ఏ కోట అని అడగకూడదు. ఏ శాసనంలోనూ ఆ ముచ్చట లేదు, ఏ కైఫీయతులోనూ లేదు. ఉన్న ఒక్కగానొక్క సాక్షి వాళ్ళ అమ్మ గవరమ్మ. ఆమెకు చెప్పింది కొడుకులే.

వాళ్ళు కొత్త ఇల్లు కట్టి స్లాబు వేసే రోజున మేస్త్రీ ఒక మాట అడిగాడు.

"అయ్యా, ఉయ్యాలకి హుక్కు పెట్టమంటారా?"

"ఉయ్యాల్లో పడుకునేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారయ్యా?" అన్నాడు కనకలింగం.

నిజమే. ఆనాటికి ఆ ఇంట్లో అందరికంటే చిన్నది కాలేజీలో చదువుతున్న కూతురు రేవతి. మేస్త్రీ హుక్కు లేకుండానే స్లాబు పోశాడు. మేస్త్రీకే తోచని సంగతి తమకు తోచిందని అన్నదమ్ములు ఏడాదిపాటు చెప్పుకున్నారు.

తరవాత రేవతికి పెళ్ళయింది. మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మొదటి బిడ్డను అమ్మమ్మగారింట్లోనే ఉయ్యాలలో వెయ్యాలని ఆ వియ్యాలవారి ఆచారం. ఆ ఉయ్యాల ఇంటి కప్పుకే వేలాడాలి, స్టాండుకు తగిలిస్తే లెక్కలోకి రాదు. వియ్యపురాలు మాణిక్యాంబ ఫోనులో తేల్చి చెప్పింది.

"రేపు పదింటికి వస్తాం వదినగారూ. ఉయ్యాల ఊగిందా, తల్లీబిడ్డా మీ ఇంట్లో ఇంకో మూడు నెలలుంటారు. ఊగలేదా, మాతో తీసుకుపోతాం."

కనకలింగం భార్య సుభద్రమ్మ ఫోను పెట్టేసి మనవరాలిని గుండెలకు హత్తుకుంది. "ఏమండీ, చిన్న కన్నం ఒకటి వేసి హుక్కు పెట్టండి చాలు. ఈ పిల్ల వెళ్ళిపోతే నేను బతకలేను."

"కన్నమే కదా," అన్నాడు కనకలింగం. "కోట నిలబెట్టిన వంశం మాది."

తెల్లవారగానే అన్నదమ్ములిద్దరూ మోటార్లు బాగుచేసే సుభానీ దగ్గరకు వెళ్ళి కరెంటు డ్రిల్లు అడిగారు. సుభానీ వాళ్ళిద్దరినీ చూశాడు, డ్రిల్లును చూశాడు. వాళ్ళను గురించి అతనికి కొంత తెలుసు. అందుకే ఇచ్చేముందు జాగ్రత్తలన్నీ చెప్పాడు.

"లింగంగారూ, తడి చేతులతో దీన్ని ముట్టుకోకండి. వదులు బట్టలు వద్దు, తిరిగే బిట్టుకి చుట్టుకుంటాయి. కళ్ళలో పొడి పడకుండా కళ్ళజోడు పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, స్లాబు లోపల కరెంటు వైరు ఉందో లేదో చూసుకోకుండా తొలవొద్దు. అంతా సిద్ధమయ్యాకే ప్లగ్గు పెట్టండి."

"ఇందులో ఒక్కటి తప్పినా నా పేరు కనకలింగం కాదు," అన్నాడు కనకలింగం. పాపం, అన్నమాట నిలబెట్టుకున్నాడు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఇంటికి రాగానే చేతులు తుడుచుకున్నారు. తుడిచిన తువ్వాలు కొంచెం చెమ్మగా ఉంది. అయితే చేతులూ చెమ్మగా ఉన్నట్టేగా. తడి బట్టలు ఎక్కడ ఆరతాయి? దండెం మీద. అంతే, ఇద్దరూ పెరట్లో దండెం కింద నిలబడి, చేతులు పైకెత్తి, చొక్కాలకు పెట్టే క్లిప్పులు తల్లి చేత వేళ్ళకు పెట్టించుకున్నారు. ఎండకు చెమట పట్టింది. చెమట కూడా తడే గనక ఇంకాసేపు ఆరబెట్టారు. ఇంకా చెమట పట్టింది.

"అన్నయ్యా, ఎండలో ఆరేకొద్దీ తడుస్తున్నామేంటి?" అన్నాడు భీమలింగం.

"చలవ శరీరాలురా మనవి," అన్నాడు అన్న.

చివరికి సుభద్రమ్మ వచ్చి ఇద్దరినీ దండెం మీంచి తీసి లోపలికి తీసుకొచ్చింది. అప్పటికి ఎనిమిదయింది.

తరవాత బట్టలు. కనకలింగం చొక్కా వదులు. బిగుతు చొక్కా ఇంట్లో లేదు. వదులు చొక్కాను బిగుతు చెయ్యడం ఎంతసేపు? తొడుక్కున్న చొక్కా తొడుక్కున్నట్టే ఉండగా భీమలింగం దబ్బనం తెచ్చి, చేతులను పక్కలకు ఆనించి, మోచేతులదాకా బస్తా కుట్టినట్టు కుట్టేశాడు. ఇక బిట్టుకు చుట్టుకునే గుడ్డ అంగుళం కూడా లేదు. కనకలింగానికి చేతులు పైకెత్తే యోగం కూడా లేదు.

ఆ పైన గవరమ్మ కళ్ళజోడు పెట్టుకున్నాడు. శుక్లాల ఆపరేషను నాటి అద్దాలు, సోడాబుడ్డి అడుగంత మందం. అవి పెట్టుకోగానే అతనికి ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు కనబడ్డారు.

"మనుషులు సరిపోతారు," అన్నాడు సంతోషంగా. "ఇక స్లాబు లోపల చూడాలి."

"లోపల ఎలా చూస్తాం అన్నయ్యా?"

"గుమ్మడికాయ లోపల ఎలా చూస్తావు?"

"కోసి."

"మరి?"

ఇంకేముంది, భీమలింగం పలుగు పుచ్చుకుని డాబా ఎక్కాడు. సుభద్రమ్మ మెట్ల దగ్గర అడ్డం పడింది. "మరిదిగారూ, చిన్న కన్నం అన్నాను."

"చిన్న కన్నం తరవాత వదినా. ఇది చూసుకోవడానికి. చూసుకోకుండా తొలిస్తే ప్రమాదం కదా."

ప్రమాదమన్న మాటకు ఆమె అడ్డం తప్పుకుంది. భీమలింగం పొడిచాడు, పెచ్చులు లేచాయి. మళ్ళీ పొడిచాడు, గదిలో మంచం మీద కంకర వాన కురిసింది. రోలు పట్టేంత బొక్క పడింది. అందులో అడ్డంగా రెండు ఇనుప చువ్వలు కనబడ్డాయి.

"అన్నయ్యా, వైర్లు దొరికాయి."

"చూశావా? సుభానీ చెప్పకపోతే ఈపాటికి ఏమయ్యేవాళ్ళం? వైర్లుండగా తొలవకూడదు. తీసెయ్."

బుద్ధున్నవాడైతే ఆ చువ్వలకే ఉయ్యాల తాడు కట్టి, పలుగు మూలన పెట్టి, కాఫీ తాగేవాడు. భీమలింగం ఇనుము కోసే రంపం తెచ్చి రెండిటినీ మొదలంటా కోసి అవతల పారేశాడు. కనకలింగం కింద గదిలోంచి బొక్కలోకి తొంగి చూసి, వైరన్నది లేదని ధ్రువీకరించాడు. ఆ మందపాటి అద్దాల్లోంచి అతనికి ఆకాశం కూడా శుభ్రంగానే కనబడింది.

సరిగ్గా అప్పుడు వియ్యాలవారి కారు వచ్చింది.

"హుక్కు ఏదండీ?" అంది సుభద్రమ్మ ఏడుపు గొంతుతో.

"కంగారు పడకు. ఇవాళ్టికి తమ్ముడే హుక్కు."

అంతే, భీమలింగం డాబా మీద బోర్లా పడుకుని బొక్కలోంచి చెయ్యి కిందికి జార్చాడు. ఆ చేతికి ఉయ్యాల తాడు తగిలించి, మణికట్టూ బొక్కా కనబడకుండా బంతిపూల దండలు అడ్డం పెట్టి, కంకర మంచం కిందికి తోశారు. మాణిక్యాంబ లోపలికి వచ్చి ఉయ్యాలను కదిపి చూసింది. ఊగింది. సుభద్రమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"పరవాలేదు వదినగారూ, గట్టిగానే ఉంది," అంది మాణిక్యాంబ. "గాలి కూడా బాగా వస్తోందే."

"కొత్త పద్ధతి చెల్లెమ్మా," అన్నాడు కనకలింగం మోచేతులు డొక్కలకు అంటించుకుని.

బిడ్డను వెయ్యడానికి ముందు సన్నికల్లు మీద నూరే రాతి పొత్రాన్ని ఉయ్యాలలో పడుకోబెట్టి ఊపడం ఆ వియ్యాలవారి ఆనవాయితీ. పొత్రానికి బొట్టు పెట్టారు, పొత్తిగుడ్డ చుట్టారు, ఉయ్యాలలో పెట్టారు. పైనుంచి సన్నటి మూలుగు వినబడింది. పావురాలని చెప్పింది సుభద్రమ్మ. ఉయ్యాల పాట అయింది. ఇక బిడ్డను వెయ్యడమే తరువాయి. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని మాణిక్యాంబ అంది:

"అందరూ ఒక్కసారి చేతులు జోడించి దేవుణ్ణి తలుచుకోండి."

పెద్దలు చెప్పిన మాట భీమలింగం ఏనాడూ జవదాటలేదు. జోడించాడు.

పొత్రం ఉయ్యాలతో సహా వచ్చి, కింద నైవేద్యానికి పెట్టిన పరమాన్నం గిన్నెలో పడింది. గిన్నె చొట్టపోయింది, పరమాన్నం గోడలకెక్కింది. మాణిక్యాంబ తల ఎత్తి చూసింది. బొక్క నిండా భీమలింగం ముఖం, ముఖం ముందు జోడించిన చేతులు.

ఆమె బిడ్డను భుజాన వేసుకుని లేచింది. "రేవతీ, బట్టలు సర్దుకోమ్మా," అంది. అల్లుడు కారు తలుపు తీశాడు. తల్లి మెడ కావలించుకుని ఏడ్చి రేవతి బిడ్డతో కారెక్కింది.

సుభద్రమ్మ వీధి అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ జాగ్రత్త మండా, డ్రిల్లు తెచ్చి పెట్టుకుని, దానికి ప్లగ్గు కూడా పెట్టకుండా నా మనవరాలిని సాగనంపారు కదండీ."

ఆ మాట కనకలింగానికి సూటిగా తగిలింది.

"ఒరే తమ్ముడూ, మీ వదిన చెప్పింది సబబే. ఇప్పుడు అంతా సిద్ధమే కదా. చేతులు పొడి, బట్టలు బిగుతు, కళ్ళజోడు ఉంది, లోపల వైరు లేదు. కారు కాలువ లాకులు దాటేలోగా హుక్కు బిగించి ఫోను చేశామంటే వెనక్కి రాక ఏం చేస్తారు? పెట్టు ప్లగ్గు."

ఇద్దరూ డాబా ఎక్కారు. భీమలింగం ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. చేతులు లేవవు గనక కనకలింగం నడుం వంచి, డ్రిల్లును రెండు చేతులా పొట్టకు ఆనించి పట్టుకుని, బిట్టును సరిగ్గా బొక్క నడిమధ్యకు దించి మీట నొక్కాడు. డ్రిల్లు గిర్రున తిరిగింది. పొడి లేదు, అదురు లేదు, అడ్డన్నదే లేదు.

"ఎంత తేలిగ్గా దిగుతోందో చూడరా, వెన్నలో దిగినట్టు. ముందు చూసుకుని చేసే పని ఇలాగే ఉంటుంది."

డ్రిల్లు ఆపి, ప్లగ్గు తీయించి, హుక్కు అందుకుని అదే చోట పెట్టి వదిలాడు. కింద గదిలో పరమాన్నం మడుగులో అది ఠంగుమంది.

అన్నదమ్ములు బొక్క అంచున వంగి కిందికి చూశారు.

"లోతు చాల్లేదు," అన్నాడు కనకలింగం. "మళ్ళీ పెట్టు ప్లగ్గు."