బురదలో పెట్టిన పాదం

ఒకానొక అడవిలో, నడివేసవిలో ఒకరోజు, పొద్దున ఆరుంపావుకు ఒక దుప్పి తన పిల్ల ముఖం నాకి లేపింది. అడవిలో గడియారం ఎక్కడిదంటారా? కొండ కింద నుంచి వెళ్ళే రైలు ఆ వేళకే కూత వేస్తుంది. దుప్పి పేరు చుక్కి. కూత వినగానే పిల్ల రోజూ చెంగున లేచేది. ఆ రోజు లేవలేదు. దాని ముక్కు ఎండిపోయి ఉంది.

"అమ్మా, నీళ్ళు," అంది పిల్ల.

చుక్కి దగ్గర పాలు లేవు. గడ్డి మాడిపోయి పది రోజులైంది. వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో ఊరే చిన్న నీటిగుంట, ఒకే ఒక్క చెలమ, అడవికంతటికీ మిగిలింది. ఆ నీళ్ళు తాగే వీలు చుక్కి పిల్లకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో రేసుకుక్కలనే అడవికుక్కలు గుంపుగా చెలమ మీద పడేవి. నీళ్ళకు వెళ్ళినవాళ్ళలో రోజుకొకరు తిరిగి వచ్చేవారు కాదు. అడవివాళ్ళంతా భయపడి అడవిదున్న కొండన్నను బతిమాలారు.

"అన్నా, నువ్వు బలమున్నవాడివి. చెలమకు కాపలా ఉండు. నువ్వు చెప్పినట్టు వింటాం," అన్నారు.

ఒప్పుకున్నట్టు గుర్తుగా ఒక్కొక్కరూ గట్టు మీది తడి బురదలో ఒక పాదం పెట్టారు. ఆ అడవిలో మాట ఇవ్వడమంటే అదే. కొండన్న నిలబడ్డాడు. కుక్కలు రావడం మానేశాయి. అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత బురద ఎండి రాయిలా గట్టిపడింది. కొండన్న మొదట అందరినీ వరసలో రమ్మన్నాడు. సరేనన్నారు. ఆ తర్వాత, తనకు వెదురు చిగుళ్ళు తెచ్చినవాళ్ళే తాగాలన్నాడు. సణుక్కుంటూ తెచ్చారు. మూడోసారి, గట్టు మీద పాదం గుర్తు ఉన్నవాళ్ళకే నీళ్ళన్నాడు. చుక్కి పిల్ల ఆ ఒప్పందం తర్వాత పుట్టింది. దాని పాదం అక్కడ లేదు. ఇప్పుడు పెడదామన్నా గట్టి మట్టిలో దిగదు. అలాంటి పిల్లలు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళకు తల్లిపాలు ఇంకా దొరుకుతున్నాయి గనక సరిపోయింది. పుట్టబోయేవాళ్ళ సంగతి ఒప్పందం రోజున ఒక్కరికీ తట్టలేదు.

చుక్కి చెలమ దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, పిల్లకు ఒక్క గుక్క తాగనివ్వు."

"అన్న ఏమిటి? దొరా అను," అన్నాడు కొండన్న, చిగురు నములుతూ. "ఏదీ, దాని పాదం చూపించు."

చుక్కి తల వంచుకుని వచ్చేసింది. ఎండెక్కాక మళ్ళీ వెళ్ళింది.

"దొరా, ఈ రోజు నేను తాగను. నా వంతు దానికివ్వండి."

"నీ వంతు నీకే. ఇంకొకరికి ఇవ్వొచ్చని ఎవరు చెప్పారు?"

తిరిగి వచ్చేసరికి పిల్ల కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పిలిస్తే చెవి మాత్రం కదిపింది. పొదలోంచి అడవిపంది బొద్దయ్య వచ్చాడు.

"నా మాట విను వదినా. నేను అటు వెళ్ళి దొరగారి తోక దగ్గర గోల చేస్తాను. నా గోలకు మా ఇంటిదే పారిపోతుంది, దొరెంత! నువ్వు ఇటు నుంచి పిల్లచేత తాగించెయ్."

చుక్కి గబగబా పిల్లను లేపి నాలుగడుగులు వేసింది.

"ఎక్కడికే?" అని అడిగింది ఏదుపంది అవ్వ, బొరియలోంచి తల బయటపెట్టి.

"నీళ్ళు దొంగిలించడానికి అవ్వా."

"ఎవరి నీళ్ళు?"

చుక్కి ఆగిపోయింది.

"నీ పిల్లకు దాహం ఎవరిచ్చారే? కొండన్న ఇచ్చాడా?"

"అదేం మాట! పుట్టుకతో వచ్చింది."

"మరి తాగడానికి ఆయన సెలవెందుకో?"

చుక్కి పిల్ల వైపు చూసింది. దొంగచాటుగా తాగిస్తే ఆ నీళ్ళు కొండన్నవేనని తానే ఒప్పుకున్నట్టు. ఈ పూట గడుస్తుంది. రేపు? పాలు ఇంకిపోయాక మిగతా పిల్లల గతి?

"బొద్దన్నా, గోల చెయ్యి," అంది చుక్కి. "తోక దగ్గర కాదు, అడవంతా వినిపించేలా చెయ్యి. అందరినీ చెలమ దగ్గరికి రమ్మను."

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. పిల్లను ముక్కుతో తోసుకుంటూ చుక్కి ముందుకు నడిచింది.

"మీరంతా పాదం ఎందుకు పెట్టారు?" అని అడిగింది.

"కుక్కలు రాకుండా," అంది కుందేలు.

"కాపలా కోసం," అంది కణుజు జింక.

"నీళ్ళు కొండన్నకు ఇచ్చేశామని ఎవరైనా పెట్టారా?"

అందరూ లేదని తలలు ఊపారు.

"మాట ఇచ్చి తప్పుతారా?" అని రంకె వేశాడు కొండన్న.

"తప్పింది నువ్వే, అన్నా. మేం ఇచ్చింది కాపలా. నీళ్ళు ఇవ్వడానికి అవి మా సొంతం కావు. ఈ పిల్ల బతుకు కూడా నా సొంతం కాదు, నీకు రాసిచ్చెయ్యడానికి."

కొండన్న కొమ్ములు వంచాడు. చుక్కి పక్కకు తొలగలేదు. ఏదుపంది అవ్వ వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"పొడిస్తే ముందు అవ్వనే పొడవండి దొరా," అన్నాడు బొద్దయ్య. "ముళ్ళు పీకడానికి నేనొస్తాలెండి."

ఎవరో నవ్వారు. నవ్వుతూనే అందరూ గట్టెక్కి తమ పాత పాదాల గుర్తులను తామే తొక్కి పొడి చేశారు. ఒక్క గుర్తూ మిగల్లేదు. కొండన్న అందరినీ చూశాడు. కొమ్ములు పైకెత్తాడు.

"రేపు కుక్కలొస్తే?" అన్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

"అప్పట్లో ఒక్కొక్కరం వచ్చేవాళ్ళం. ఇక గుంపుగా వస్తాం. కాపలాకు వంతులు వేసుకుంటాం. నీకూ ఒక వంతుంటుంది."

కొండన్న పక్కకు జరిగాడు. పిల్ల నీళ్ళలో మూతి పెట్టింది. అది తల ఎత్తేదాకా ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం గట్టు తడిపి కొత్త ఒప్పందం చేసుకున్నారు. దాహమున్న ప్రతి ఒక్కరూ తాగవచ్చు, పుట్టినవాళ్ళయినా పుట్టబోయేవాళ్ళయినా. నీళ్ళు ఆపిన కాపలాదారును ఆ పూటే దింపేస్తారు. నెలకోసారి బురద తడిపి, ఒప్పందాన్ని మళ్ళీ అందరితో మాట్లాడతారు. కొండన్న మాత్రం వంతు తీసుకోలేదు. అలిగి కొండ దాటి వెళ్ళిపోయాడు.

పన్నెండు రోజుల తర్వాత తీతువు పిట్ట ఒక కబురు తెచ్చింది. కొండ అవతలివాళ్ళు కూడా కొండన్నను కాపలా ఉండమని అడిగారట. "ముందు నన్ను దింపడం ఎలాగో తేల్చుకోండి. అది తేలాక నిలబడతాను," అన్నాడట.

నీతి: రక్షణ కోసం ఒకరికి అధికారం అప్పగించవచ్చు, పుట్టుకతో వచ్చిన హక్కును అప్పగించడం ఎవరి తరమూ కాదు, లాక్కోవడమూ ఎవరికీ తగదు.