ఒక్కతీరమ్మ కనుమలో నల్లచుక్క

నల్లమల అంచున, మెట్టచేలు అయిపోయి రాతిగుట్టలు మొదలయ్యేచోట ఒక ఇరుకైన కనుమ ఉన్నది. బస్సు దిగిన భక్తులు ఆ కనుమ గుండా నడిచి అవతలికి చేరితే ముందు అమ్మవారి సన్నిధి, దాని వెనుక హైస్కూలు కనిపిస్తాయి. గోపురం, ధ్వజస్తంభం ఇక్కడ లేవు. ఒక రేకుల పందిరి, దాని కింద వరుసగా నిలబడిన నల్లరాళ్ళు, అంతే. అన్నీ మోకాలెత్తువే, అన్నీ ఒకే తీరు. వాటిలో ఒకటి అమ్మవారు. ఏది అని అడగకండి. పూజారికి తెలియదు, ఆయన తాతగారికీ తెలియదు. అందుచేత అన్నిటికీ ఒకే నీలిగుడ్డ చుట్టి, ఒకే హారతి ఇస్తారు. శాస్త్రం తెలిసిన పెద్దలు సమరూపాంబ అని బోర్డు రాయించారు గాని, ఆ బోర్డు చదివేవారి కంటె ఒక్కతీరమ్మా అని మొక్కేవారే ఎక్కువ.

ఈ హైస్కూలు పిల్లల్ని చూసినవారు ఒక క్షణం నిలబడిపోతారు. మగపిల్లలకు తెల్లచొక్కా, ఖాకీ నిక్కరు. ఆడపిల్లలకు నీలిపావడ, తెల్ల రవికె, తెల్ల ఓణీ. రెండు జడలు మడిచి నల్ల రిబ్బనుతో కట్టాలి. పూలు లేవు, గాజులు లేవు, రంగు తాళ్ళు లేవు, క్రాపులో వంకీలు లేవు. ఈ కాలంలో ఇంత కట్టుబాటు ఎందుకని పట్నం నుంచి వచ్చినవారు మూతి విరుస్తారు. విరిస్తే విరవనివ్వండి. కథ విన్నాక వారే చేతి గాజులు తీసి కొంగున ముడి వేసుకుని కనుమ దాటిన సందర్భాలు ఉన్నవి.

పూర్వం ఇక్కడ ఈ రాళ్ళకు పూజ లేదు, బడీ లేదు. పూర్వం అంటే త్రేతాయుగం దాకా పోనక్కరలేదు. మన తాతముత్తాతల నాటి మాట. ఆ రోజుల్లో కనుమలో ఒకటి ఉండేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, పెడితే పలుకుతుందని భయం. "అది" అనేవారు. అది మనుషుల్ని ఒంటి మీది గుర్తు పట్టి పిలిచేది. "ఎర్ర పైట మనిషీ" అనేది, "తలపాగా మనిషీ" అనేది. పెద్దవాళ్ళకు సంగతి తెలుసు గనుక తల తిప్పకుండా, నోరెత్తకుండా దాటేవారు. పిల్లల్ని మాత్రం ఆ దారిన తీసుకుపోయేవారు కారు.

అటువంటి చోట హైస్కూలు పెట్టారు. స్థలం చూడవచ్చిన దొరలకు చదునైన నేల కనిపించింది, పక్కన వాగు కనిపించింది, కనుమలోనిది కనిపించలేదు. ఇవతలి పల్లెల పిల్లలందరూ పుస్తకాలు చంకన పెట్టుకుని ఆ దారినే నడవవలసివచ్చింది.

ఇవతలి పల్లెలో ఓబులమ్మ అని ఒక మేకలకాపరి ఉండేది. భర్త పోయాడు. కడుపున పుట్టినవారిలో మిగిలింది మద్దిలేటమ్మ ఒక్కతే. ఆ పిల్లంటే ఆమెకు పంచప్రాణాలు. పొరుగింటి తిమ్మక్క కూతురు కాశమ్మ, మద్దిలేటమ్మ ఒకే ఈడువారు, ఒకే తరగతిలో చేరారు.

కాశమ్మ తిరునాళ్ళలో కొనుక్కున్న ఎర్రగాజులు వేసుకుని బడికి బయలుదేరిన రోజున, కనుమ మధ్యలో మెత్తని ఆడగొంతు ఒకటి "ఎర్రగాజుల పిల్లా" అని పిలిచింది. కాశమ్మ నవ్వుతూ వెనక్కి తిరిగింది. తరగతిలో సారు హాజరు పిలిస్తే పలకలేదు. ఇంటికి వచ్చి, దారి తప్పి వచ్చిన చుట్టంలాగా తల్లి ఎదుట కూర్చున్నది. పెడితే తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది. తల్లి పిలిస్తే మాత్రం తిరగదు. కనుమ వైపు నుంచి గాలి వస్తే తిరుగుతుంది. తిమ్మక్క ఆ గాజుల్ని రాయితో పగలగొట్టి కూతురి కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, ఫలం లేకపోయింది.

తరువాత పచ్చచొక్కా పిల్లవాడొకడికి అదే గతి పట్టింది. వాణ్ణి తండ్రి ముందే బడి మానిపించి ఇంట్లో కూర్చోబెట్టాడు. అయినా ఒక మాపటేళ, పెరట్లో గొడ్డుకు మేత వేస్తుండగా దిబ్బ మీద నుంచి పిలుపు వచ్చింది. ఒకసారి కనుమ దాటిన పిల్లల జాడ దానికి తెలిసిపోయిందని, ఇంట్లో దాచినా లాభం లేదని అప్పుడు అందరికీ అర్థమైంది. పల్లెలో పొయ్యిలు రాజేసుకోవడానికి కూడా చేతులాడలేదు.

ఓబులమ్మ మేకల్ని తోలుకుని గుట్టకు పోయిన ఒకనాడు చిరుత దిగింది. మేకలు బెదిరి ఒక పొద వెనుక వరుసగా నిలబడిన నల్లరాళ్ళ మధ్య దూరి, వాటిని ఆనుకుని కదలకుండా నిలబడ్డాయి. అన్నీ నల్లమేకలే. ఏది రాయో ఏది మేకో తెలియక చిరుత అటూ ఇటూ తిరిగింది. చివరికి మెడలో గంట ఉన్న పోతును పట్టుకుపోయింది. చెట్టెక్కి కూర్చున్న ఓబులమ్మ ఇదంతా చూసి ఇల్లు చేరింది.

ఆ వేకువజామున ఆమెకు కలలో రాళ్ళు కనిపించాయి. వాటిలో ఏ రాయి పలికిందో తెలియలేదు. "నన్ను ఏరగలవా?" అని అడిగింది. లేదమ్మా అన్నది ఓబులమ్మ. "కనుమలోనిదీ ఏరలేదు. మీ పిల్లల్ని నాలాగా నిలబెట్టు. ఒకరి మీద ఉన్నది అందరి మీదా ఉండాలి, అందరి మీదా లేనిది ఒకరి మీదా ఉండకూడదు" అని ఆ గొంతు ఆజ్ఞాపించింది.

ఓబులమ్మ తెల్లవారగానే హెడ్మాస్టరు కంబగిరి సారు దగ్గరికి పరుగెత్తింది.

"సర్కారు చెప్పకుండా నేనేమని ఆర్డరు వేసేది ఓబులమ్మా?" అన్నారాయన మొదట.

"సర్కారోల్లు ఈ కనుమలో నడుస్తారా సారూ? నడిచేది మన పిల్లోల్లు గదా!"

కంబగిరి సారు ఆ మాటతో ఒప్పుకున్నారు. ఎందుకంటే అంతకు ముందు రోజే "కళ్ళద్దాల సారూ" అన్న పిలుపు ఆయన చెవిన పడింది. ఆ రాత్రి ఆయనకు కంటి మీద కునుకు లేదు. వెంటనే అందరికీ ఒకే తాను గుడ్డ, ఒకే కుట్టు, ఒకే జడ అని నియమం పెట్టారు. కనుమలో అడుగు పెట్టే ముందు గోళ్ళు, కాలర్లు, జుట్టు స్వయంగా చూసేవారు. తాను కూడా తెల్లచొక్కా తొడిగి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, ఒక పిల్ల చెయ్యి పట్టుకుని తడుముకుంటూ నడిచేవారు. నవ్వు వచ్చే దృశ్యమే గాని, ఆ రోజుల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నియమం పని చేసింది. "తెల్లచొక్కా పిల్లోడా" అని అది పిలిస్తే, ఏ తెల్లచొక్కా? "రిబ్బను పిల్లా" అంటే, ఏ రిబ్బను? పిలుపు గాలిలో కలిసిపోయేది. అయితే ఆకలిగొన్నది ఊరుకుంటుందా? పిలవడం మాని వెదకడం మొదలుపెట్టింది. నడుస్తున్న పిల్లల మెడల మీద చల్లని ఊపిరి తగిలేది. కాలర్లు వాటంతటవే పైకి లేచేవి. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, తేడా కోసం చూసి, పక్కవారి దగ్గరికి పోయేది.

"అమ్మా, ఇయ్యాల నా జడ ఎత్తి సూసిందమ్మా" అన్నది మద్దిలేటమ్మ ఒకనాడు, పుస్తకాలు కింద పెట్టకుండానే.

ఓబులమ్మ చేసిన పని ఏ తల్లి అయినా చేసేదే, చేయకూడనిదీ అదే. కాటుక అద్ది, కూతురి కుడిచెవి వెనుక దిష్టిచుక్క పెట్టింది. చంటిబిడ్డగా ఉన్నప్పటి నుంచి ఆ పిల్లను కాచింది ఆ చుక్కే అని ఆమె నమ్మకం. మడిచి కట్టిన జడ కింద ఎవరికి కనబడుతుందిలే అనుకున్నది. కల వచ్చింది తనకు, నియమం చెప్పింది తాను, తప్పిందీ తానే. భయపడ్డ తల్లి చేతికి బుద్ధి ఎక్కడిది?

మరునాటి సాయంత్రం బడి నుంచి వస్తుండగా కనుమలో పిలుపు వినిపించింది. "చెవి వెనక చుక్క పిల్లా!" ఈసారి అది పరాయి గొంతు కాదు. అచ్చంగా ఓబులమ్మ గొంతు. మద్దిలేటమ్మ మెడ సగం తిరిగింది. పక్కపిల్ల గట్టిగా గిల్లబట్టి ఆగింది.

తొలి పిలుపుకు తల తిప్పకపోయినా మూడో పిలుపుకు మెడ దానంతటదే తిరుగుతుందని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఓబులమ్మ కుంకుడురసంతో రుద్దింది, బూడిదతో రుద్దింది. తోలు ఎర్రబడింది, పిల్ల బావురుమన్నది. కాటుక పోయింది గాని చుక్క పోలేదు. అది చూసిన గుర్తును ఇక ఎవరూ తుడవలేరన్నమాట. పొద్దున్నే కూతురి వెంట కనుమలో నడిచింది. రెండో పిలుపు ఆమె చెవులతో ఆమే విన్నది. తన గొంతే తన బిడ్డను పిలుస్తుంటే, నోరు రెండు చేతులతో మూసుకుని నడిచింది.

సాయంత్రం మూడోది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఓబులమ్మ ఇల్లిల్లూ తిరిగి తల్లులందరినీ రాళ్ళ దగ్గరికి పిలుచుకొచ్చింది. కంబగిరి సారు పిల్లల్ని వరుసగా నిలబెట్టారు. ఓబులమ్మ తప్పు ఒప్పుకుని, అందరి ఎదుటా నేల మీద పడి మొక్కింది.

"ఒకరి మీద ఉన్నది అందరి మీదా ఉండాలన్నాదమ్మ. మీ పిల్లోల్లకు కూడా ఆ చుక్క పెట్టండమ్మా. మీ కాళ్ళు మొక్కుతా."

తల్లులు ఎవరి పిల్లల్ని వారు దగ్గరికి లాక్కున్నారు. "నీ బిడ్డను కాపాడుకునేకి మా బిడ్డల మీద గురి పెట్టమంటావా? నీ కడుపు చల్లగుంటే చాలునా?" అన్నది ఒకామె. ఆమెను తప్పుపట్టలేము. పిలుపు వచ్చిన గుర్తును చేతులారా కన్నబిడ్డకు పెట్టడమంటే మాటలా?

అప్పుడు తిమ్మక్క గుంపులోంచి ముందుకు వచ్చింది. వెంట కాశమ్మ. కూతురు మళ్ళీ బడికి పోతుందన్న ఆశతో తిమ్మక్క కుట్టించి పెట్టి, ఇంట్లో ఊరకే ఉన్న నీలిపావడ, తెల్ల ఓణీ ఆ పిల్లకు కట్టి, రెండు జడలు మడిచి తీసుకువచ్చింది. ఓబులమ్మ చేతిలోని కాటుక తన వేలికి అద్దుకుని కూతురి చెవి వెనుక చుక్క పెట్టి, ఆ పిల్లను బడిపిల్లల వరుసలో నిలబెట్టింది.

"నా బిడ్డను ఎవరూ దాచలేదు ఓబులక్కా. నీ బిడ్డనన్నా దాద్దాం" అన్నది.

ఆ మాట విన్నాక తల్లులు ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. మొదట మాట విసిరిన ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ కాటుక అడిగింది. కాటుక ఎక్కువై ఒక చుక్క పెద్దదైతే, కంబగిరి సారు మిగతావన్నీ అంత పెద్దవి చేయించారు.

పొద్దు వాలింది. తల్లులు ముందుగా వచ్చి కనుమ ఇవతలి మొగలో, దారి బయటికి తెరుచుకునేచోట నిలబడ్డారు. పిల్లలు బయలుదేరిన గంట వినిపించింది. తరువాత పిలుపు వచ్చింది. అక్కడ నిలబడ్డ ప్రతి తల్లికీ అది తన గొంతులాగే వినిపించింది. లోపల పిల్లల మెడలన్నీ ఒక్కసారే తిరిగాయి. ఆ సంగతి తరువాత మద్దిలేటమ్మ చెప్పింది. అందరూ తిరిగేసరికి అది ఎవరిని తీసుకోవాలి? "ఎవరు? ఎవరు?" అన్న అరుపు బండల మీదుగా పైకి పాకుతూ పోయింది. వినలేక ఇద్దరు తల్లులు సొమ్మసిల్లారు. ఆ తరువాత కనుమలో చడీచప్పుడు లేదు.

మసక చీకట్లో పిల్లలు బయటికి రాసాగారు. ఓబులమ్మ కళ్ళు చించుకుని చూసింది. ఒకే పావడలు, ఒకే జడలు, ఒకే నడక. తన కడుపున పుట్టిన పిల్ల ఏదో ఆమెకు తెలియలేదు. పేరు పెట్టి పిలుద్దామంటే అది ఇంకా ఎక్కడ పొంచి ఉన్నదో! ఆగలేక, అందరికంటె ముందు నడిచి వచ్చిన పిల్లను రెండు చేతులతో గుండెలకు అదుముకున్నది. ఎవరి పిల్లో చూసుకోలేదు. పక్కన మిగతా తల్లులూ అలాగే చేశారు. చేతికి అందిన బిడ్డను చేతికి అందిన తల్లి పట్టుకున్నది.

ఓబులమ్మ వీపు మీద చిన్నచేతులు మెల్లగా బిగిశాయి. ముఖం ఎత్తి చూస్తే కాశమ్మ. ఆ పిల్ల కళ్ళు చాలాకాలానికి ఒక మనిషిని చూస్తున్నాయి.

"ఓబులత్తా, మాయమ్మ యాడ?" అన్నది.

తిమ్మక్క అక్కడికి రెండడుగుల దూరంలోనే ఉన్నది. మద్దిలేటమ్మను కావలించుకుని, తన బిడ్డే అనుకుని ఏడుస్తున్నది. ఆ పచ్చచొక్కా పిల్లవాడు కూడా మరుసటి వారం తెల్లచొక్కాతో కనుమ దాటి వచ్చి, తండ్రిని పేరు పెట్టి పిలిచి దెబ్బలు తిన్నాడట. తిన్నాక అందరూ పండగ చేసుకున్నారట.

నాటి నుంచి నేటి వరకు బడి తెరిచే రోజున ఈ రాళ్ళ ముందు తల్లులు పిల్లలకు చెవి వెనుక చుక్క పెడతారు. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులకు కూడా మినహాయింపు లేదు. భక్తులు కనుమ దాటేటప్పుడు ఎవరినీ పేరుతో గాని, కట్టుకున్న బట్ట రంగుతో గాని పిలవరాదు. అది పోయిందని అమ్మవారు ఎన్నడూ చెప్పలేదు; ఏరలేకపోయిందని మాత్రమే మనకు తెలుసు. ఇక్కడ మొక్కుకున్నవారి పిల్లలకు దృష్టిదోషం, పీడకలలు, బడి భయం తొలగుతాయని అనుభవజ్ఞులు చెబుతారు.

బడి తెరిచిన రోజు సాయంత్రం కనుమ మొగలో నిలబడి చూడవలసిన ఆచారం ఇంకొకటి ఉన్నది. పిల్లలు బయటికి రాగానే ప్రతి తల్లీ ముందుగా ఎదురైన బిడ్డను కావలించుకోవాలి. తన బిడ్డ కోసం వెదకకూడదు. తల్లి లేని పిల్లలు ఈ బడిలో ఏటా కొందరు ఉంటారు. ఆ వేళ వారు అందరికంటె ముందు నడుస్తారు; మిగతా పిల్లలు వారికి దారి వదులుతారు.